బూట్ మెనూ సర్దకుండా కంప్యూటర్ చేతికివ్వొద్దు

విండోస్ పక్కన లైనక్స్ వేసి ఇచ్చే కుర్రాళ్లు మా నల్గొండలో ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. ఇంజినీరింగ్ చదివే పిల్లలు తమ ఇంట్లో, మేనమామ షాపులో, తాము చదువుకున్న బడిలో వేస్తున్నారు. మంచి పనే. కానీ ఇన్‌స్టాల్ అయిపోయి, డెస్క్‌టాప్ కనిపించి, వైఫై కలిసిందంటే చాలు, పని అయిపోయిందనుకుని లేస్తారు. పవర్ బటన్ నొక్కగానే వచ్చే నల్లటి తెర, అందులో నాలుగైదు ఇంగ్లీషు వరసలు, కింద తగ్గుతూ పోయే సెకన్లు ఎలా వచ్చాయో అలాగే ఉండిపోతాయి. ఆ కంప్యూటర్ ముందు రోజూ కూర్చునే మనిషికి తగ్గట్టు, ఏది లేపాలో అడిగే ఆ బూట్ మెనూను సర్దేదాకా పని పూర్తయినట్టు కాదని నా వాదన.

రంగులు, బొమ్మలు పెట్టుకునే సరదా వ్యవహారమని చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఒక ఫైలులో నాలుగు వరసలు మార్చకపోవడం వల్ల వ్యాపారం ఆగిపోవడం, ఏళ్లనాటి ఫైళ్లు ఫార్మాట్‌లో కొట్టుకుపోవడం నేను చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లైనక్స్ లాంటి ఓఎస్‌లు (ఆపరేటింగ్ సిస్టమ్‌లు) రెండు మూడు ఎందుకు, ఒకటి చాలదా అంటే, మా ఊరి డీటీపీ షాపులు చూడాలి. క్లాక్ టవర్ చుట్టుపక్కల, ప్రకాశం బజార్ వైపు సందుల్లో శుభలేఖలు, దశదినకర్మ కార్డులు, కరపత్రాలు ఇప్పటికీ పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లతో తయారవుతాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. ఆ షాపుల్లో ఏళ్ల తరబడి పోగుపడిన ఫైళ్లుంటాయి. పెళ్లికార్డు వేయించుకున్న ఇంటివాళ్లే గృహప్రవేశానికి మళ్లీ వస్తే, పాత ఫైలు తెరిచి పేర్లు, ముహూర్తం మార్చి ఇస్తారు. అవి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఇప్పుడు అంతటా వాడే కోడ్) అక్షరాలు కావు. ఆ పాత విండోస్, ఆ పాత ఫాంట్లు ఉంటేనే ఏ పేచీ లేకుండా తెరుచుకుంటాయి. కాబట్టి విండోస్ 7 తీసేయడం కుదరదు. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తోనే ఆగిపోయింది, కాబట్టి దాంతో ఇంటర్నెట్‌లోకి పోవడమూ మంచిది కాదు. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కొత్త తరం ప్రాసెసర్ కావాలి. ఇక్కడి షాపుల్లో ఉన్న చాలా మిషన్లకు అవి లేవు. వర్చువల్ మిషన్ పెట్టుకోవచ్చు కదా అని హైదరాబాద్ మిత్రులు అంటుంటారు. 4 జీబీ ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్‌లో ఒక ఓఎస్ లోపల ఇంకో ఓఎస్ నడుపుతూ, పెళ్లిళ్ల సీజన్‌లో ప్రింటర్ ముందు కస్టమర్లను నిలబెట్టి పని చేయడం అయ్యేది కాదు. అచ్చు పనికి పాత విండోస్, బయటి ప్రపంచానికి లైనక్స్ అనే ఏర్పాటే ఇక్కడ నిలబడుతోంది. అంటే రోజూ పొద్దున ఎవరో ఒకరు ఆ నల్లటి తెర ముందు ఏదో ఒకటి ఎంచుకోవాలి.

ఆ తెర ఎక్కడినుంచి వస్తుందో కొంచెం చెప్పాలి. దాన్ని చూపించి, ఎంచుకున్న ఓఎస్‌ను లేపే ప్రోగ్రామ్ (లోడర్) పేరు గ్రబ్, లైనక్స్‌తో పాటు వస్తుంది. పాత బయోస్ (పవర్ ఆన్ కాగానే మదర్‌బోర్డు మీద మొదట నడిచే ప్రోగ్రామ్) మిషన్లలో డిస్క్ మొదటి సెక్టారు 512 బైట్లు. అందులో 64 బైట్లు డిస్క్ భాగాల (పార్టిషన్ల) టేబుల్‌కు, చివరి 2 బైట్లు గుర్తుకు పోతే, కోడ్‌కు మిగిలేది 446 బైట్లు. గ్రబ్ తన మొదటి ముక్కను అక్కడ పెట్టి, మిగతాదాన్ని డిస్క్‌లో వేరే చోటినుంచి తెచ్చుకుంటుంది. బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐ ఉన్న మిషన్లలో పద్ధతి వేరు. డిస్క్‌లో ఫ్యాట్32తో ఒక చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఉంటుంది. అందులో మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌లో విండోస్ లోడర్, ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) ఫోల్డర్‌లో గ్రబ్ ఉంటాయి. ఏది ముందు అనే వరస మదర్‌బోర్డు మెమరీలో రాసి ఉంటుంది. మామూలుగా ఈ రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకోవు. ఈ మాట గుర్తుంచుకోండి, ఫార్మాట్ దగ్గరికి వచ్చినప్పుడు అవసరం పడుతుంది. అన్ని ఓఎస్‌లనూ ఒకే పద్ధతిలో వేయాలన్నది కూడా ఇక్కడే చెప్పేస్తాను. యూఈఎఫ్‌ఐ పద్ధతిలో లేచిన గ్రబ్, బయోస్ పద్ధతిలో వేసిన విండోస్ 7ను లేపలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు. కాంటా గదిలో పాత డెస్క్‌టాప్. లారీ ప్లాట్‌ఫాం మీదికి ఎక్కగానే బరువు సీరియల్ పోర్టు గుండా కంప్యూటర్‌లోకి వస్తుంది, చీటీ ప్రింటవుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లోనే నడుస్తుంది. మెయిళ్లు, లెక్కలు, ఇంటర్నెట్ పనుల కోసం అదే మిషన్‌లో ఓనర్ వాళ్ల అబ్బాయి ఉబుంటు వేశాడు. కాంటానే ముఖ్యం కాబట్టి దానంతటదే విండోస్ లేచేలా కూడా పెట్టాడు. ఆలోచన సరైందే. వరి కోతలు మొదలయ్యాయి. సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లనుంచి ట్రాక్టర్లు, డీసీఎంలు వరస కట్టిన రోజు గుమస్తా నాకు ఫోన్ చేశాడు.

"సార్, కరెంటు పోయొచ్చింది. నీలం స్క్రీన్ వచ్చింది, ఏవో అంకెలు ఉరుకుతున్నయ్. కాంటా వస్తలేదు. బయట బండ్లన్నీ ఆగినయ్."

"బంద్ చేసి మళ్ల ఆన్ చెయ్యి. నల్ల స్క్రీన్ రాంగనే కింది బాణం నొక్కుకుంట విండోస్ మీదికి పో."

"రెండు విండోస్‌లున్నయ్ సార్. ఏది నొక్కమంటరు?"

ఏం జరిగిందంటే, గ్రబ్ మెనూలో వరసలను సున్నా నుంచి లెక్కపెడుతుంది. ఉబుంటు 0, దాని కింద అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ 1, విండోస్ 2. ఆ అబ్బాయి డీఫాల్ట్ (ఏమీ నొక్కకపోతే లేవాల్సింది) దగ్గర 2 అని రాశాడు. తర్వాత ర్యామ్ మీద అనుమానం వచ్చి ఎవరో మెమరీ టెస్ట్ ప్యాకేజీ వేశారు. అది మెనూలో విండోస్ పైన రెండు వరసలు చేర్చింది. విండోస్ 4కు జారిపోయింది, 2 దగ్గర మెమరీ టెస్ట్ కూర్చుంది. కరెంటు పోయి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. వచ్చాక ఆ నీలం తెర మీద ర్యామ్ పరీక్ష ఎడతెగకుండా నడుస్తూ ఉంది, బయట ధాన్యం బండ్లు ఆగి ఉన్నాయి. ఇక రెండో విండోస్ అంటే, అది విండోస్ తనకోసం దాచుకున్న రికవరీ పార్టిషన్. పక్క ఓఎస్‌లను వెతికిపెట్టే ఓఎస్-ప్రోబర్ దాన్ని కూడా ఒక విండోస్‌గానే చూపిస్తుంది. ఇందులో గుమస్తా తప్పేమీ లేదు. ఆ మెనూ అతని కోసం తయారు కాలేదు, అంతే.

అందుకే డీఫాల్ట్ దగ్గర అంకె రాయొద్దని గట్టిగా చెబుతాను. ఓఎస్-ప్రోబర్ ఇచ్చే పొడుగాటి పేరును కూడా నమ్మొద్దు. అందులో డిస్క్ పేరు కూడా ఉంటుంది. రేపు ఇంకో డిస్క్ తగిలిస్తే ఆ పేరు మారిపోవచ్చు. చేయాల్సింది సొంత వరస రాసుకోవడం. లైనక్స్‌లో సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్‌లో గ్రబ్-డీ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ఫైళ్ల పేర్ల ముందు అంకెలుంటాయి. 10 లైనక్స్‌ది, 20 మెమరీ టెస్ట్‌ది, 30 పక్క ఓఎస్‌లను వెతికేది, 40 మనం సొంతంగా రాసుకోవడానికి వదిలినది. ఈ అంకెల వరసలోనే మెనూ తయారవుతుంది. 40 కస్టమ్ ఫైలులో విండోస్‌కు ఒక మెనూ ఎంట్రీ రాసి, దానికి కాంటా అని ఒక ఐడీ ఇచ్చి, పార్టిషన్‌ను దాని యూయూఐడీ (మారని గుర్తింపు నంబరు)తో పట్టుకోమని చెప్పి, చైన్‌లోడర్ అనే కమాండ్‌తో పనిని విండోస్ లోడర్‌కు అప్పగించాలి. తర్వాత ఈటీసీలోని డీఫాల్ట్ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ ఫైలు తెరిచి, డీఫాల్ట్ దగ్గర అంకెకు బదులు ఆ ఐడీ రాయాలి. పైన ఎన్ని వరసలు చేరినా, కింద ఎన్ని పోయినా ఐడీ మారదు. 30వ ఫైలుకు ఎగ్జిక్యూట్ పర్మిషన్ (నడిచే అనుమతి) తీసేస్తే రికవరీ పార్టిషన్ వరస మెనూలోంచి పోతుంది. ఆఖర్న సుడో అప్‌డేట్-గ్రబ్ అనే కమాండ్ నడపాలి. బూట్ ఫోల్డర్‌లో ఉండే గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ ఫైలును మాత్రం చేత్తో దిద్దకండి. ఆ కమాండ్ నడిచిన ప్రతిసారీ అది కొత్తగా తయారవుతుంది, మీరు దిద్దింది మిగలదు.

2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. అప్‌డేట్ తర్వాత విండోస్ మెనూలోంచి మాయమైందని కంగారుపడి నన్ను అడిగినవాళ్లున్నారు. విండోస్ ఎక్కడికీ పోలేదు, వెతికేవాడిని ఆపారంతే. సొంత ఎంట్రీ రాసుకున్నవాళ్లకు ఈ టెన్షన్ కూడా లేదు.

సెకన్ల లెక్క గురించి. ఇంకో ఓఎస్ కనిపిస్తే ఉబుంటు మెనూను 10 సెకన్లు చూపిస్తుంది. కంప్యూటర్ తెలిసినవాడికి అది ఎక్కువ, కళ్లద్దాలు వెతుక్కునే మనిషికి తక్కువ. ఒక విషయం చాలామందికి తెలియదు: ఆ లెక్క నడుస్తుండగా ఏ కీ తగిలినా లెక్క ఆగిపోతుంది, ఇక ఎంటర్ నొక్కేదాకా మెనూ కదలదు. తౌడు దుమ్ము పట్టి కీలు బిగుసుకుపోయే కాంటా గది కీబోర్డుకు ఇది నిజమైన సమస్య. మిల్లులో 3 సెకన్లు చాలు. ఇంట్లో పెద్దవాళ్లుంటే 30 పెట్టండి. ఉబుంటులో రికార్డ్‌ఫెయిల్ అని ఇంకోటుంది. లైనక్స్ లేస్తుండగా కరెంటు పోతే, మళ్లీ వచ్చినప్పుడు గ్రబ్ మీరు పెట్టిన సెకన్లు పక్కనపెట్టి 30 సెకన్లు ఆగుతుంది. దానికి వేరే టైమౌట్ వరస ఉంది, అదీ అదే ఫైలులో రాయాలి. బయోస్ సెట్టింగుల్లో కరెంటు తిరిగి రాగానే మిషన్ ఆన్ అయ్యే ఆప్షన్ ఉంటుంది, దాన్ని కూడా పెట్టాలి. అప్పుడు కరెంటు వచ్చాక ఎవరూ ఏమీ నొక్కకుండానే కాంటా లేస్తుంది.

కిందటిసారి ఎంచుకున్నదే ఈసారి కూడా లేచే సేవ్‌డ్ అనే పద్ధతి కూడా ఉంది. ఒక్కరే వాడుకునే ల్యాప్‌టాప్‌కు అది హాయిగా ఉంటుంది. నలుగురి చేతులు పడే చోట వద్దు. రాత్రి ఓనర్ ఉబుంటులో సినిమా చూసి వెళితే, పొద్దున గుమస్తాకు ఉబుంటు లేస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, తెలుగు.

ఒక డీటీపీ షాపులో పనిచేసే అక్క ఉంది. అను కీబోర్డు మీద ఆమె వేళ్లు ఎంత వేగంగా నడుస్తాయంటే, మనం కాగితం చదివి వినిపించడమే ఆలస్యం. రోజంతా తెలుగు అక్షరాల మధ్యే ఉండే ఆ మనిషికి పొద్దున లేచే మొదటి తెర మాత్రం ఇంగ్లీషులో, అందులోనూ విండోస్ బూట్ మేనేజర్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లాంటి మాటల్లో ఉంటుంది. "ఇది గూడ తెలుగుల రాదా తమ్మీ?" అని ఆమె అడిగింది. న్యాయమైన ప్రశ్న.

నేరుగా అయితే రాదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ అక్షరానికి కోడ్ ఉండటం ఒకటి, ఆ కోడ్‌లను కలిపి గుణింతంగా, వత్తుగా పేర్చడం ఇంకొకటి. లైనక్స్ డెస్క్‌టాప్‌లో ఈ పేర్చే పనిని హార్ఫ్‌బజ్ చేస్తుంది. గ్రబ్‌లో అలాంటిది లేదు. అది పీఎఫ్2 అనే బిట్‌మ్యాప్ ఫాంటులోంచి ఒక్కో గుర్తును తీసి పక్కపక్కన పెడుతుంది. తెలుగు ఫాంటును గ్రబ్-ఎంకేఫాంట్‌తో మార్చి ఎక్కించినా గుడులు, కొమ్ములు అక్షరం మీద సరిగ్గా కూర్చోవు, వత్తు కింద చేరదు. అలాంటి తెలుగును రోజూ తెలుగు దిద్దే మనిషి ముందు పెట్టడం నాకు ఇష్టం లేదు.

దారి ఉంది. గ్రబ్ థీమ్‌లో ప్రతి మెనూ ఎంట్రీ పక్కన ఒక ఐకాన్ పెట్టవచ్చు. ఎంట్రీలో క్లాస్ అని ఒక పేరు రాస్తే, థీమ్ ఫోల్డర్‌లోని ఐకాన్లలో అదే పేరున్న పీఎన్‌జీ బొమ్మను గ్రబ్ తెచ్చుకుంటుంది. ఐకాన్ వెడల్పు, ఎత్తు థీమ్ ఫైలులో మన ఇష్టం. చదరపు బొమ్మే ఉండాలని రూలేమీ లేదు. వెడల్పు పెంచి, ఆ ఐకాన్‌నే తెలుగు మాటగా చేస్తే సరి. బొమ్మ కాబట్టి అందులో ఏ ఫాంటైనా చెల్లుతుంది. యూనికోడ్‌లో రామభద్ర, మండలి లాంటి మంచి అక్షరాలున్నాయి. అక్క మాత్రం తన అను అక్షరాలే కావాలంది. శుభలేఖ మీద పెళ్లికొడుకు పేరుకు వాడే అక్షరమేదో తీసి, తనే ఫోటోషాప్‌లో మూడు మాటలు పేర్చి ఇచ్చింది. గుణింతాలు వాటి స్థానాల్లో, వత్తులు వాటి స్థానాల్లో. సేవ్ చేసేటప్పుడు ఇంటర్‌లేస్ టిక్ ఉండకూడదు, ఉంటే గ్రబ్ ఆ బొమ్మను తెరవదు. వెనక బొమ్మగా జేపెగ్ పెడితే ప్రోగ్రెసివ్ రకం పనికిరాదు.

ఆ మూడు మాటలు ఏమిటంటే: "కార్డులు, కరపత్రాలు", "ఇంటర్నెట్, మెయిల్", "బంద్ చెయ్యి". ఓఎస్‌ల పేర్లు ఎక్కడా లేవు. నా దృష్టిలో మెనూను సర్దడమంటే ముఖ్యంగా ఇదే. పొద్దున షాపుకొచ్చే మనిషి విండోస్ వాడదామని రాదు, కార్డు పూర్తి చేద్దామని వస్తుంది. మెనూలో చేసే పని పేరు ఉండాలి. మూడోది కంప్యూటర్‌ను ఆపేసే వరస. హాల్ట్ అనే ఒక్క మాటతో అయిపోతుంది. పొరపాటున ఆన్ చేసినవాళ్లు బటన్ నొక్కిపట్టి ఆపాల్సిన పని ఉండదు. పాత కెర్నళ్లు (లైనక్స్ మూల ప్రోగ్రామ్ పాత వెర్షన్లు), రికవరీ మోడ్ వగైరాలు సబ్‌మెనూలో ఉండనివ్వండి. అవి కావాలి, కాకపోతే కావాల్సింది మనకు, ఆమెకు కాదు. తెర మీద వరసలు చిన్నగా కనిపిస్తుంటే గ్రబ్ కమాండ్ లైన్‌లో వీడియోఇన్ఫో అని కొడితే ఆ మానిటర్ ఏయే రిజల్యూషన్లు ఇస్తుందో చెబుతుంది. 1024 బై 768 పెడితే పాత మానిటర్ల మీద ఒడ్డూ పొడుగూ సరిపోతుంది. మౌస్ పనిచేయదు, బాణాలూ ఎంటరే. ఆ కీల మీద రంగు స్టిక్కర్ అంటించడం కూడా మెనూ సర్దడంలో భాగమే అంటాను.

డ్యూయల్ బూట్ (ఒకే మిషన్‌లో రెండు ఓఎస్‌లు) పెట్టాక ఇలాంటి షాపుల్లో ఇంకో రెండు ఇబ్బందులు వస్తాయి. గడియారం అయిదున్నర గంటలు తేడా చూపిస్తుంది. మిషన్ గడియారంలో ఉన్నది యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) అని లైనక్స్ అనుకుంటుంది, మన స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో లైనక్స్‌ను స్థానిక సమయానికి మారిస్తే పోరు తీరుతుంది. రెండోది ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లైనక్స్‌లోంచి డీ డ్రైవ్ తెరిస్తే ఫైళ్లు చదవడానికే వస్తాయి, రాయడానికి రావు. విండోస్‌లో ఆ ఆప్షన్ తీసేయాలి. విండోస్ 7లో ఈ బాధ లేదు.

కాలేజీ ల్యాబుల సంగతి వేరు. మెనూ మీద ఇంగ్లీషు 'e' అక్షరం నొక్కి కెర్నల్ వరస చివర చిన్న మాట చేరిస్తే, పాస్‌వర్డ్ లేకుండానే రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) లోపలికి పోవచ్చు. తెలివైన పిల్లలు మొదటి సెమిస్టర్‌లోనే కనిపెడతారు. గ్రబ్‌కు సూపర్‌యూజర్, పాస్‌వర్డ్ పెట్టే వీలుంది. కాకపోతే అది పెట్టగానే మామూలుగా లేపడానికి కూడా పాస్‌వర్డ్ అడుగుతుంది కాబట్టి, ఎంట్రీలకు అన్‌రిస్ట్రిక్టెడ్ అని చేర్చాలి. అప్పుడు అందరూ లేపుకోవచ్చు, దిద్దడం మాత్రం ల్యాబ్ ఇన్‌ఛార్జికే.

ఇక ఫార్మాట్.

విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాతో, బయోస్ అప్‌డేట్ తర్వాతో, మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోతేనో మెనూ రాకుండా నేరుగా విండోస్ లేవడం మామూలు. అప్పుడు దగ్గర్లోని రిపేరు షాపుకు తీసుకెళితే చాలాచోట్ల వచ్చే జవాబు "లైనక్స్ ఎగిరిపోయింది, ఫార్మాట్ కొట్టాలె". దేవరకొండ నుంచి వచ్చి ఇక్కడ డిగ్రీ చదివే ఒక అమ్మాయి ల్యాప్‌టాప్‌కు అదే జరిగింది. ప్రాజెక్టు అంతా లైనక్స్ పార్టిషన్‌లో ఉంది. ఫార్మాట్ అయ్యాక నా దగ్గరికి వచ్చింది. ముందే వచ్చి ఉంటే చేయాల్సింది బూట్ వరసలో ఉబుంటును పైకి తేవడం, అంతే. పైన గుర్తుంచుకోమన్న మాట ఇక్కడే. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో గ్రబ్ ఫోల్డర్ చెక్కుచెదరకుండా ఉంటుంది, మారింది వరస మాత్రమే. సెటప్‌లోకి వెళ్లి మార్చవచ్చు, లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్‌ను లేపేది)తో లేచి ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ అనే కమాండ్‌తో మార్చవచ్చు. ఫార్మాట్‌కు ఈ సమస్యతో సంబంధమే లేదు. రిపేరు చేసేవాళ్ల మీద నాకు కోపం లేదు. పది మిషన్లు వరసలో ఉన్నప్పుడు తెలిసిన మందే వేస్తారు. కానీ పిల్లల చదువులు, ఇళ్లలోని ఫోటోలు ఆ మందుకు బలవుతున్నాయి. ఈ విషయం కంప్యూటర్ కోర్సుల్లో మొదటి వారంలోనే చెప్పాలి.

కొన్నిసార్లు సమస్య వరసకన్నా లోతుగా ఉంటుంది. 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ పాత గ్రబ్‌లను నిషేధించింది. డ్యూయల్ బూట్ మిషన్లకు ఇది వర్తించదని మైక్రోసాఫ్ట్ చెప్పినా, ఎన్నో మిషన్లలో లైనక్స్ లేవకుండా పోయి, ఎస్‌బ్యాట్ (పాత లోడర్లను ఆపే జాబితా) తనిఖీ విఫలమైందన్న సందేశం వచ్చింది. అప్పుడు కూడా మందు ఫార్మాట్ కాదు. సెక్యూర్ బూట్ (నమ్మకమైన లోడర్లనే లేవనిచ్చే మదర్‌బోర్డు కాపలా) తాత్కాలికంగా ఆపి, లైనక్స్‌లోకి వెళ్లి, మోక్‌యుటిల్ అనే కమాండ్‌తో ఆ నిషేధాల జాబితా తీసేసి, మళ్లీ సెక్యూర్ బూట్ పెట్టుకోవడం. ఒక్క జాగ్రత్త: కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ నడుస్తుంటే, సెక్యూర్ బూట్ కదిలించగానే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది ముందే రాసి పెట్టుకోకుండా దేన్నీ ముట్టుకోవద్దు.

గ్రబ్ మెనూ ఎందుకు, ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కి మదర్‌బోర్డు సొంత మెనూలో ఎంచుకుంటే పోలే అనేవాళ్లున్నారు. ఆ కీ లెనోవోలో ఒకటి, హెచ్‌పీలో ఇంకొకటి. నొక్కడానికి దొరికే వ్యవధి క్షణకాలం. అందులో కనిపించే పేర్లు మార్చలేం, ఎక్కువసేపు ఆపలేం. అది మెకానిక్ వాడుకునే తలుపు. గ్రబ్ కస్టమైజర్ లాంటి బొమ్మల టూల్ గురించి కూడా అడుగుతారు. అది గ్రబ్-డీ ఫోల్డర్‌లోని ఫైళ్లను కదిపి తన సొంత ఏర్పాటు పెట్టుకుంటుంది. తర్వాత ఎవరైనా చేత్తో సరిచేయాలంటే ఏది ఎక్కడుందో తేలదు. యూఈఎఫ్‌ఐ మిషన్ అయితే రీఫైండ్ అనే ఇంకో బూట్ మెనూ చూడండి, బొమ్మలతో అందంగా ఉంటుంది, దాని మీద నాకు అభ్యంతరం లేదు.

లైనక్స్ అభిమానులైన మిత్రులతో నాకు పేచీ వచ్చేది డీఫాల్ట్ దగ్గర. జనానికి అలవాటు కావాలంటే లైనక్స్‌నే ముందు లేపాలి, విండోస్ కావాల్సినవాళ్లు బాణం నొక్కుకుంటారు అంటారు వాళ్లు. నేనూ లైనక్స్ అభిమానినే, ఇంట్లో అదే వాడతాను. అయినా ఇది ఒప్పుకోను. కార్డు తీసుకెళ్లడానికి పెళ్లివాళ్లు వచ్చి నిలబడ్డ వేళ, తనకు అక్కర్లేని ఓఎస్ లేస్తే ఆ షాపతను లైనక్స్‌ను తిట్టుకుంటాడు, సాయంత్రానికి తీయించేస్తాడు. మా ఊళ్లో లైనక్స్‌కు చెడ్డపేరు వచ్చింది ఎక్కువగా ఇలాగే, లోపలి లోపాలవల్ల కాదు. ఎవరి పని ఎక్కువో దాన్నే ముందు లేపాలి. నమ్మకం కుదిరాక వాళ్లే మార్చమంటారు.

సర్దడం అయ్యాక మార్చిన రెండు ఫైళ్లు, థీమ్ ఫోల్డర్, ఈఎఫ్‌ఐ పార్టిషన్ కాపీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి షాపతనికే ఇవ్వండి. ఇన్‌స్టాల్ చేసిన ఉబుంటు వెర్షన్‌దే ఒక లైవ్ పెన్‌డ్రైవ్ కూడా. క్యాబినెట్ పక్కన ఒక కాగితం అంటించి, బూట్ వరస మార్చే కీ ఏదో, ఏ పేరు పైన ఉండాలో, "ఫార్మాట్ చేయొద్దు" అన్న మాటనూ తెలుగులో రాయండి. తర్వాత మిషన్ షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర స్విచ్ ఆపి, మళ్లీ వేయండి. రోజూ వాడే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి మీరు పక్కకు జరగండి, ఏమీ చెప్పకండి. వాళ్లు ఎక్కడ ఆగి మీవైపు చూస్తే, మెనూలో ఆ చోట ఇంకా సర్దాల్సింది ఉందన్నమాట. సర్ది, మళ్లీ స్విచ్ ఆపి చూడండి.